ఇల్లు చూచే ముందు పేటను చూడండి



ఈ నెల మేము వ్రాయబోయే సంగతి బోధకుడు వ్రాయవలసినది కాదేమో అని కొందరు అనుకోవచ్చును. అయితే గత కొన్ని సంవత్సరములుగా పల్లెల నుండి మా యొద్దకు వచ్చే కుటుంబములు పెండ్లి సంబంధముల తరువాత ఎక్కువగా అడిగే మాట ఇదే. "అయ్యగారూ, విశాఖపట్నములో ఏ పేటలో ఉండమంటారు?" ఒకరికి ఉక్కు కర్మాగారములో కాంట్రాక్టు పని దొరికింది. ఒకరి కుమార్తెకు నర్సింగు సీటు వచ్చింది. ఒకరు జీడితోట అమ్మి, ఆ డబ్బుతో పట్నములో కాస్త జాగా కొనాలనుకుంటున్నారు. ప్రార్థన చేయమని వస్తారు. మేము ప్రార్థన చేస్తాము. కాని ప్రార్థన ముగిసి కన్నులు తెరిచిన తరువాత వారికి చెప్పవలసిన మాటలు కొన్ని ఉన్నవి. అవి చెప్పకుండా పంపితే మేము మా పని సగమే చేసినట్లు.

రెండు సంవత్సరముల క్రితము నర్సీపట్నము అవతలి పల్లె నుండి ఒక సహోదరుడు, ఆయన భార్య, ఇద్దరు పిల్లలు మా ఇంటికి వచ్చారు. ఆయన అప్పటికే ఉక్కు కర్మాగారములో కాంట్రాక్టు పనిలో ఉండి, కూర్మన్నపాలెములో నలుగురు మగవాళ్ళతో ఒక గదిలో ఉంటున్నాడు. ఇక కుటుంబమును తెచ్చుకోవాలి. తండ్రి వాటా పొలము అమ్మగా వచ్చిన డబ్బు బ్యాంకులో ఉన్నది. వేపగుంట వైపు వంద గజముల జాగా చాలా చవకగా వస్తున్నదని ఒక మధ్యవర్తి చెప్పాడట. రిజిస్ట్రేషను లేదు, నోటరీ కాగితము మీద అమ్మకము. "అక్కడ అందరూ అలాగే కొన్నారు అయ్యగారూ, వాళ్ళు ఇళ్ళు కట్టుకోలేదా ఏటి?" అన్నాడు.

మేము ఆయన భార్యను అడిగాము. "అమ్మా, నీవు ఆ జాగా చూచినావా?"

ఆమె తల వంచుకొని, "నన్ను తీసుకెళ్ళలేదండి" అన్నది.

ఆ మాట వినగానే మాకు మా సంగతే జ్ఞాపకము వచ్చింది.

మేము లెక్కపెట్టని మెట్లు

వేదశాస్త్ర డిప్లొమా ముగించుకొని, క్రొత్తగా పెండ్లి చేసుకొని మేము ఈ నగరమునకు వచ్చినప్పుడు ఇల్లు వెదికినది మేమే. సంఘమునకు దగ్గర, అద్దె తక్కువ. ఇంకేమి కావాలి అనుకున్నాము. కొండవాలున ఒక చిన్న పోర్షను. మీద నుండి చూస్తే సముద్రము కనబడుతుంది. గాలి బాగా వస్తుంది. ఆ సాయంత్రమే అడ్వాన్సు ఇచ్చి వచ్చాము. మా శ్రీమతికి చూపించి అడగాలన్న తలంపే రాలేదు.

కొండ మీదికి కొళాయి లేదు. నీళ్ళు క్రింది వీధిలో తెల్లవారుజామున ఒక గంట వచ్చేవి. మేము సందర్శనలకు, కూటములకు వెళ్ళిపోయేవారము. నీళ్ళు మోసినది ఆమె. ఆరవ నెల గర్భముతో ఉండగా ఒక వర్షపు ఉదయము బిందెతో జారి పడింది. మేము ఆ దినము ఊరిలో లేము. ప్రక్క ఇంటి ముస్లిము పెద్దావిడ ఆటో పిలిచి, తానే వెంట కూర్చొని కె.జి.హెచ్.కు తీసుకొని వెళ్ళింది. దేవుని దయ వలన తల్లి, బిడ్డ ఇద్దరూ క్షేమముగా బయటపడ్డారు.

ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో ఆమె మమ్ములను నిందించలేదు. ఒక్క మాట అన్నది. "ఎనభై నాలుగు మెట్లండి." ఇల్లు కుదుర్చుకొన్న దినమున మేము సముద్రమును చూచాము గాని మెట్లు లెక్కపెట్టలేదు. ఆమె ప్రతి ఉదయము లెక్కపెట్టింది.

అందుచేత ప్రియులారా, ఈ సంగతిలో మేము ఇచ్చే ఆలోచన ముఖ్యముగా ఒక్కటే. పగలంతా ఆ ఇంట్లో ఉండవలసినవారు ఎవరో, పేటను ఎంచుకోవడములో మొదటి మాట వారిది కావాలి. సంపాదించేవాడు ఎనిమిది గంటలు పనిలోను, రెండు గంటలు దారిలోను, మిగిలినది నిద్రలోను గడుపుతాడు. పేటలో నిజముగా కాపురముండేది ఇల్లాలు, పిల్లలు, ముసలి తల్లిదండ్రులు. ధర మాట్లాడే హక్కు మగవాడిదే అని మన పల్లెల్లో అలవాటు. ధర ఒక్కసారి ఇస్తాము. నీళ్ళు ప్రతిదినము మోస్తాము.

ఈ నగరము పేటలుగా ఎలా పెరిగింది

విశాఖపట్నమును తెలిసికోవాలంటే ఏ పని ఎక్కడ మొదలయినదో తెలిసికోవాలి. 1933లో ఓడరేవు తెరిచారు. శ్రీకాకుళము, విజయనగరము వైపు పల్లెల నుండి కూలికి వచ్చినవారు పాత పట్టణము చుట్టుప్రక్కల, రైలు మార్గము ప్రక్కన స్థిరపడ్డారు. జ్ఞానాపురము, కంచరపాలెము అలా నిండినవి. 1941లో సింధియా వారు ఓడల నిర్మాణ కేంద్రమునకు పునాది వేశారు. ఆ పేరే నేటికీ సింధియా కూడలికి నిలిచినది. 1957లో చమురు శుద్ధి కర్మాగారము వచ్చింది. మల్కాపురము, శ్రీహరిపురము పెరిగినవి.

తరువాత ఉక్కు. 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' అని 1966లో రాష్ట్రమంతా ఉద్యమము లేచింది. 1971 జనవరి 20న ఇందిరాగాంధీగారు శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావుగారు కర్మాగారమును జాతికి అంకితము చేశారు. దానితో గాజువాక, కూర్మన్నపాలెము, వడ్లపూడి, దువ్వాడ, అగనంపూడి ఒకదానికొకటి అంటుకుపోయినవి. 2005లో గాజువాక మునిసిపాలిటీని, చుట్టుప్రక్కల పల్లెలను కలిపి మహా విశాఖ నగరపాలక సంస్థను ఏర్పరచారు. మరొక వైపు కంప్యూటరు ఉద్యోగముల వలన మధురవాడ, రుషికొండ పెరిగినవి. పల్లె పేరు పట్నము పేరుగా మారినంత త్వరగా కొళాయిలు, కాలువలు రాలేదన్నది ఆ చివరి పేటలలో ఉన్నవారందరికీ తెలుసు.

ఇందులో ఒక సంగతి గమనించండి. ఉక్కు కర్మాగారము కొరకు తమ ఊళ్ళను విడిచినవారు వడ్లపూడి, పెదగంట్యాడ, అగనంపూడి వైపు నిర్వాసిత కాలనీలలో ఉన్నారు. ఏ పేటలో ఉంటారని వారిని ఎవరూ అడగలేదు. చూపించిన చోటికి వెళ్ళారు. మరొక ప్రక్క ఉక్కునగరములో చెట్లు, వెడల్పాటి వీధులు, సెక్టార్లు, పాఠశాలలు అన్నీ ఉన్నవి. అయితే అవి ఉద్యోగులకు ఇచ్చే క్వార్టర్లు. పదవీ విరమణ తరువాత తాళము చెవి అప్పగించి బయటికి రావలసినదే. అరువది ఏండ్లు వచ్చాక, మోకాళ్ళ నొప్పులతో, క్రొత్త పేట వెదుక్కొన్న పెద్దలను మేము ఎరుగుదుము. కనుక ఎంచుకొనే అవకాశము చేతిలో ఉన్నదంటే అది చిన్న మేలు కాదు. దానిని మధ్యవర్తి చేతిలో పెట్టకండి.

ఇక మీరు అడుగవలసిన ప్రశ్నలు చెబుతాము.

మొదటిది: గాలి ఎటు నుండి వస్తున్నది?

మన నగరము ఒక పళ్ళెము వంటిది. ఉత్తరమున సింహాచలము, కైలాసగిరి కొండలు. దక్షిణమున యారాడ కొండ. తూర్పున సముద్రము. నడుమ ఓడరేవు, కర్మాగారములు, జనము. పొగ లేచినా ధూళి లేచినా త్వరగా బయటికి పోవడానికి దారి తక్కువ. ఓడరేవులో దింపే బొగ్గు ధూళి పాత పట్టణమును, జ్ఞానాపురమును, కాన్వెంటు కూడలిని ఏండ్ల తరబడి బాధించినది అందరికీ తెలిసినదే. సంవత్సరములో ఎక్కువ కాలము నైరుతి గాలి వీస్తుంది గనుక, మీరు చూచే ఇంటికి నైరుతి దిక్కున ఏమున్నదో చూడండి. మా ఇంటి ప్రక్కనే పని ఉన్నదని సంతోషించే ముందు, ఆ పని పొగ కూడా ప్రక్కనే ఉంటుందని జ్ఞాపకముంచుకోండి.

1997 సెప్టెంబరు 14, ఆదివారము. మల్కాపురము దగ్గర హెచ్.పి.సి.ఎల్. కర్మాగారములో గ్యాసు అంటుకొని సుమారు 60 మంది చనిపోయారు. ఆ దినమున వేలాది జనము పిల్లలను చంకన వేసుకొని నగరము విడిచి పరుగెత్తారు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురములోని ఎల్.జి. పాలిమర్సు నుండి స్టైరీను ఆవిరి వెలువడి 12 మంది ప్రాణములు పోయినవి. వందలాది మంది ఆసుపత్రుల పాలయ్యారు. నిద్రలో ఉన్నవారు లేచి పరుగెత్తుతూ వీధులలోనే పడిపోయారు. ఆ కర్మాగారము 1961లో మొదలయినది. అప్పట్లో అది ఊరికి దూరము. తరువాత ఇళ్ళు ఒక్కొక్కటిగా గోడ వరకు వచ్చినవి. అక్కడ కొన్నవారు తెలివి తక్కువవారు కారు. మన వంటివారే. వారికి అందిన ధర అక్కడ ఉన్నది, అంతే.

ఈ మాటలు భయపెట్టడానికి వ్రాయడము లేదు. పేదవాడు ఎన్నుకొనే చోట్లు కొద్దిగానే ఉంటాయని మాకు తెలుసు. అయినను ఆ కొద్దిలోనే, కర్మాగారపు గోడకు ఆనుకొన్న ఇంటికన్న అర కిలోమీటరు దూరపు ఇల్లు మేలు. ఆయాసము ఉన్న బిడ్డ, దగ్గు ఉన్న ముసలి తల్లి మీ ఇంట్లో ఉంటే, నెలకు అయిదు వందలు అద్దె ఎక్కువయినా గాలిని కొనుక్కోండి. మందుల ఖర్చు దానికన్న ఎక్కువ.

రెండవది: నీళ్ళు ఎప్పుడు వస్తాయి, ఎక్కడికి పోతాయి?

ఈ నగరము తాగే నీరు మేఘాద్రి గెడ్డ, రైవాడ, తాటిపూడి జలాశయముల నుండి, ఏలేరు కాలువ నుండి వస్తుంది. దూరము నుండి వచ్చే నీరు చివరి పేటకు చివరనే చేరుతుంది. ఇంటి యజమాని "నీళ్ళకు లోటు లేదు" అంటాడు. యజమానిని కాదు, బిందెలు పట్టుకొని నిలబడ్డ ఆడవారిని అడగండి. ఏప్రిల్, మే నెలల్లో ఎన్ని దినములకు ఒకసారి వస్తుంది? ట్యాంకరుకు ఎంత? బోరు నీరు ఉప్పగా ఉన్నదా? సముద్రమునకు దగ్గరి చోట్లలో ఇది తప్పక అడగాలి.

వర్షపు నీరు పోయే దారిని కూడా చూడండి. మన ప్రాంతములో గెడ్డ ఎండాకాలములో ఒట్టి ఇసుక గాడి వలె కనబడుతుంది. దాని మీదనే జాగాలు కొట్టి అమ్మేవారున్నారు. ఆషాఢములో చవకగా కనబడిన జాగా ఆశ్వయుజములో చెరువు కావచ్చును. 2014 అక్టోబరు 12న, అదియు ఒక ఆదివారమే, హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు రేకుల ఇళ్ళ కప్పులు కాగితముల వలె ఎగిరిపోయినవి. దినముల తరబడి కరెంటు లేదు, నీళ్ళు లేవు. కొండవాలున ఉన్నవారికి మట్టి జారుతుందని భయము, పల్లములో ఉన్నవారికి నీరు నిలుస్తుందని భయము. కనుక జాగాను ఒక్క ఎండ పూట చూచి తీసుకోకండి. ఒకసారి వానలో వెళ్ళి చూడండి.

మూడవది: కాగితము ఎవరి పేరు చెబుతున్నది?

పల్లెలో సెంటు లెక్క, పట్నములో గజము లెక్క. ఒక సెంటు అంటే 48.4 గజములు. ఈ లెక్క రాక మోసపోయినవారు మా సంఘములోనే ఉన్నారు. ధర చెప్పగానే, గజమునకా సెంటుకా అని అడిగి, కాగితము మీద వ్రాసుకోండి.

ఆ తరువాత దస్తావేజులు. వేపగుంట, అడవివరము, పురుషోత్తపురము, చీమలాపల్లి, వెంకటాపురము ఈ అయిదు ఊళ్ళను పంచగ్రామములు అంటారు. అక్కడి భూములు సింహాచలము దేవస్థానమునకు చెందినవన్న వివాదము దశాబ్దములుగా నలుగుతూనే ఉన్నది. వేలాది కుటుంబములు అక్కడ ఇళ్ళు కట్టుకొని ఉన్నవి. ఉన్న ఇంటిని అమ్ముకోవాలన్నా, బ్యాంకు అప్పు తెచ్చి పైకప్పు వేసుకోవాలన్నా, కూతురికి వ్రాసి ఇవ్వాలన్నా అడ్డంకులే. అక్కడ ఇప్పటికే ఉన్నవారిని మేము తప్పు పట్టడము లేదు. వారి కష్టము తీరాలని ప్రార్థించండి. కాని క్రొత్తగా కొనేవారు తమ జీవితకాలపు సొమ్మును ఆ వివాదములో పెట్టవద్దని మాత్రము గట్టిగా చెబుతాము.

అలాగే డి-పట్టా భూములు. ప్రభుత్వము పేదలకు ఇచ్చిన అసైన్డు భూములను అమ్మరాదని 1977లోనే చట్టము వచ్చింది. తరువాత కొన్ని సడలింపులు వచ్చినా అవి అన్ని భూములకు వర్తించవు. నోటరీ కాగితము హక్కు ఇవ్వదు. సబ్ రిజిస్ట్రారు కార్యాలయములో ఇ.సి. తీయించండి. లింకు దస్తావేజులు వెనుకకు వెనుకకు చదివించండి. ఆ సర్వే నంబరు నిషేధిత భూముల జాబితాలో, అనగా 22-ఎ జాబితాలో, ఉన్నదేమో విచారించండి. లేఅవుటు అయితే వి.ఎం.ఆర్.డి.ఎ. అనుమతి ఉన్నదో లేదో మీరే వెళ్ళి కనుక్కోండి. భోగాపురము విమానాశ్రయము పేరు చెప్పి, రేపు కోట్లు అవుతుందని అనేవాడు మీ ఇంటికి కాఫీకి వస్తే కాఫీ ఇచ్చి పంపండి. అడ్వాన్సు మాత్రము ఇవ్వకండి. సంఘములో ఒక వకీలు గుమాస్తానో, రెవెన్యూలో పని చేసి విరమించిన పెద్దనో అడగడము సిగ్గు కాదు. తోటి విశ్వాసి అమ్ముతున్నాడు గదా అని కాగితము చూడకుండా కొనకండి. విశ్వాసము దేవుని యందు. జాగా సంగతి దస్తావేజు యందు.

నాలుగవది: ఇల్లాలు ఒంటరిగా ఎంత దూరము పోగలదు?

భర్త సి-షిఫ్టులో ఉండగా అర్ధరాత్రి బిడ్డకు జ్వరము వస్తే ఆమె ఎక్కడికి పోతుంది? కూర్మన్నపాలెము నుండి కె.జి.హెచ్. దాదాపు ఇరువది కిలోమీటర్లు. దగ్గరలో ప్రభుత్వ ఆసుపత్రి ఏది? బడి నడిచిపోయే దూరములో ఉన్నదా, లేక లారీలు తిరిగే జాతీయ రహదారిని చిన్నపిల్లలు దాటాలా? బస్సు దిగిన చోటి నుండి ఇంటి వరకు వీధి దీపములు ఉన్నవా? సందు మొదట్లో మద్యము దుకాణము ఉన్నదా? 2025 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రములో స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణము కల్పించారు. అయితే బస్సే రాని చోట ఆ ఉచితము ఎవరికి ఉపయోగము? చవకైన జాగా చాలా సార్లు బస్సు ఆగే చోటికి రెండు కిలోమీటర్ల లోపలనే ఉంటుంది.

ఈ ప్రశ్నలకు జవాబు మగవాడికి తెలియదు. ఆమెను తీసుకొని వెళ్ళండి. పగలు ఒకసారి, చీకటి పడిన తరువాత ఒకసారి, ఆ వీధిలో నడవనివ్వండి. ఆమె ముఖము చూస్తే మీకే తెలుస్తుంది.

అయిదవది: పొరుగువారు ఎవరు?

ఇక్కడ ఒక బాధ కూడా చెప్పాలి. 'టు-లెట్' బోర్డు చూచి తలుపు తట్టితే, పేరు అడిగి, ఊరు అడిగి, చివరకు "మీరేమిటండి?" అని అడిగి, చూపించిన గదికి మరల తాళము వేసే యజమానులు ఈ నగరములో ఇంకా ఉన్నారు. మా సంఘపు యౌవనస్థులు ఇంటికి వచ్చి కన్నీళ్ళతో చెప్పిన సంగతి ఇది. కొందరు పేరు మార్చి చెబుతారు. అలా చేయవద్దని వారికి చెప్పడము మాకు సులువు కాలేదు, ఎందుకనగా ఆ అవమానము మేము పడలేదు, వారు పడ్డారు. అయినను అబద్ధము మీద దిగిన ఇంట్లో ప్రతి ఆదివారము బైబిలు దాచుకొని బయటికి రావలసి వస్తుంది. అటువంటి గది దొరకకపోవడమే మేలు. సంఘములో ఇళ్ళు ఉన్నవారు దీనిని గుర్తుంచుకోవాలి. మీ పోర్షను ఖాళీ అయినప్పుడు, పల్లె నుండి వచ్చే బిడ్డ ఎవరైనా గది కొరకు తిరుగుతున్నాడేమో బోధకుని అడగండి.

ఇదే కారణమున మన వారు మనవాళ్ళ నడుమనే ఉండాలని కోరుకుంటారు. అది తప్పు కాదు. క్రొత్త ఊరిలో మన యాస మాట్లాడే ఒక అక్క, ఒక పెద్దమ్మ ఉండడము గొప్ప ఆదరణ. మందిరము నడిచిపోయే దూరములో ఉంటే మరీ మంచిది. అయితే మనవాళ్ళు మాత్రమే ఉన్న చోటు కావాలని పట్టుబట్టకండి. మా శ్రీమతిని ఆసుపత్రికి తీసుకొని వెళ్ళినది ఏ సంఘ సభ్యురాలో మీకు చెప్పాము గదా! పొరుగువాడు ఎవడు అన్న ప్రశ్నకు ప్రభువు చెప్పిన ఉపమానములో సహాయము చేసినవాడు తన వాడు కాదు, సమరయుడు. మంచి పొరుగును వెదుకుకొనే మనము, పొరుగువారికి మంచి పొరుగుగా ఉండడానికి కూడా సిద్ధపడి వెళ్ళాలి.

లోతు సంగతి మీకు తెలిసినదే. అతడు కన్నులెత్తి నీళ్ళు పారే మైదానమును చూచి అటు వెళ్ళాడు. నేల మంచిదే. అక్కడి మనుషులను గూర్చి అతడు విచారించలేదు. ఆ ఎంపికలో అతని భార్యను, కుమార్తెలను ఎవరైనా అడిగినట్లు కూడా మనకు కనబడదు. చివరకు ఎక్కువ నష్టపడినది వారే.

ఆ కుటుంబము ఏమి చేసింది

ఇక మొదట చెప్పిన సహోదరుని సంగతి. మేము ఆయనతో, "ఇప్పుడు కొనవద్దు. ఒక సంవత్సరము అద్దెకు ఉండండి. ఎక్కడ అన్నది మీ ఆవిడను చూడనివ్వండి" అన్నాము. ఆయనకు నచ్చలేదు. అద్దె అంటే నీళ్ళలో పోసినట్లే గదా అన్నాడు. ఆయన బావమరది అయితే, "అయ్యగారికి పట్నములో భూమి సంగతి ఏమి తెలుసు?" అని నవ్వాడట. అయినను ఆ సహోదరి భర్తతో కలిసి మూడు ఆదివారములు ఆరాధన తరువాత పేటలు తిరిగింది. గాజువాక లోపలి సందులు చూచింది, పెదగంట్యాడ చూచింది. చివరకు వడ్లపూడిలో ఒక చిన్న పోర్షను ఎంచుకొన్నది. ఎందుకని అడిగితే, "ఎదురింటి ముసలమ్మ నన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చిందండి. నీళ్ళు రోజు విడిచి రోజు అని ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అబద్ధము చెప్పని మనిషి ప్రక్కన ఉండొచ్చు గదండి" అన్నది. మేము ఇంత వ్రాసిన దానిని ఆమె ఒక్క మాటలో చెప్పింది.

సంవత్సరము గడిచింది. జాగాల ధరలు పెరిగినవి. ఆ సహోదరుడు ఒక దినము మా యొద్దకు వచ్చి, "అప్పుడు కొని ఉంటే బాగుండేది అయ్యగారూ" అన్నాడు. అందులో నిజము లేకపోలేదు. వేచి ఉండుటకు కూడా ఖర్చు ఉన్నది. అది మేము ఒప్పుకోవాలి. మా ఆలోచన వలన ఆయనకు నష్టము కలిగినదా అని ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

తరువాత 2025లో కర్మాగారములో కాంట్రాక్టు కార్మికులను తగ్గించినప్పుడు ఆయన పని పోయింది. కేంద్ర ప్రభుత్వము ఆ జనవరిలోనే కర్మాగారమునకు 11,440 కోట్ల రూపాయల సహాయము ప్రకటించినది గాని, అది ఆయన గేటు పాసును నిలబెట్టలేదు. నాలుగు నెలలు పని లేదు. పొలము అమ్మిన డబ్బు నోటరీ కాగితములో ఇరుక్కొని ఉండకుండా బ్యాంకులో ఉన్నది గనుక పిల్లల ఫీజులు ఆగలేదు. కొంత ఖర్చయిపోయింది. ఎదురింటి ముసలమ్మగారి కుమారుని మాట మీద పరవాడ వైపు ఒక చోట ఆయనకు పని దొరికింది. జీతము మునుపటికన్న తక్కువ. వారు ఇంకా జాగా కొనలేదు. కొంటారో, తిరిగి పల్లెకే పోతారో మాకు తెలియదు. కాని మొన్న ఆదివారము ఆ సహోదరి మా శ్రీమతితో, "మేమేడ కొన్నా ఈసారి ముందు నేనే చూస్తానమ్మగారూ" అని నవ్వుతూ చెప్పినదట. భర్త ప్రక్కనే నిలబడి తల ఊపాడట.

పల్లెలో ఉండి ఇది చదువుతున్న తండ్రులారా, తల్లులారా, మీ బిడ్డ పట్నములో ఇల్లు చూచానని ఫోను చేసినప్పుడు, "ఎంతకు?" అని అడిగే ముందు, "కోడలు చూచినదా?" అని అడగండి. చెరలో ఉన్న ఇశ్రాయేలీయులకు యిర్మీయా ప్రవక్త వ్రాసిన ఉత్తరము మీ బైబిళ్ళలో ఉన్నది. క్రొత్త పట్టణములో ఇళ్ళు కట్టుకొని, తోటలు నాటుకొని, ఆ పట్టణపు క్షేమము కొరకు ప్రార్థించమని ఆయన వారికి వ్రాశాడు. ఈ వారము కుటుంబ ప్రార్థనలో ఆ 29వ అధ్యాయము చదువుకోండి. మీ బిడ్డలు ఉన్న పేట పేరు, ఆ వీధి పేరు, ఎదురింటి వారి పేరు పలికి ప్రార్థించండి. ఎదురింటి వారి పేరు తెలియకపోతే, ఫోను చేసి కనుక్కోండి.

ప్రభువు మీ గడపను, మీ పొరుగువారి గడపను కాపాడును గాక.